వంతు తప్పని ఆటో స్టాండు

తిరువూరులో డిగ్రీ చదివిన పిల్లల్లో ముంతాజ్ మేడమ్‌ని ఎరగనివాళ్లు తక్కువ. ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతుంది. అర్థం కాలేదన్న పిల్లల్ని ఎన్నడూ కసురుకోదు. అర్థమైందని ఊరికే తలూపేవాళ్లని మాత్రం వదలదు. అలాంటి మనిషి నలభైకి దగ్గర పడ్డాక, "ఇంకా చదువేంటి?" అని చుట్టాలు నవ్వుతున్నా వినకుండా, బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీకి చేరింది.

ఆమె గైడు సీతారామారావు గారు విజయవాడలో ఉంటారు. నెమ్మదస్తులు, గొంతు పెంచి మాట్లాడరు. ముంతాజ్ రాసుకెళ్లిన కాగితం మీద "చిన్న పట్టణాల రవాణాలో ప్రయాణికుల సంతృప్తి" అని ఉంది. ఆయన చదివి కళ్లజోడు తీశారు.

"ఇది టాపిక్కమ్మా. సమస్య ఏదీ?"

"ప్రయాణికులు సంతృప్తిగా ఉన్నారో లేదో తెలుసుకోవడం సార్."

"లేరని తేలిందనుకో, అందులో ఎవరికి వింత? నీకు నిజంగా అంతుపట్టనిది ఏదైనా ఉంటే చెప్పు. దాంతో మొదలుపెడదాం."

ముంతాజ్‌కి ఒక్కటీ తట్టలేదు. తిరుగు బస్సులో ఊరు చేరేదాకా ఆ మాటే చెవుల్లో మోగింది.

ఆమె అన్న బాబా గంపలగూడెం రూట్లో షేర్ ఆటో తోలతాడు. ఆ వారంలోనే ఆమెకు గంపలగూడెంలో ఒక పెళ్లికి వెళ్లాల్సి వచ్చి, మధ్యాహ్నం తిరువూరులో ఆ రూటు ఆటోలు ఆగే స్టాండుకు చేరింది. వరసలో ముందున్నది బాబా ఆటోయే. జనం ఎక్కి కూర్చున్నారు కూడా. ఇంతలో ఏసోబు అనే డ్రైవరు ఆటో తెచ్చి వెనకాల ఆపాడు. బాబా అతన్ని చూసి, "ముందు అది వెళ్తుంది, అందులో ఎక్కండి" అని అందర్నీ దింపేశాడు. వరసలో ఎండకు మాడుతున్న మిగతా డ్రైవర్లలో ఒక్కరూ అదేంటని అడగలేదు.

"నీ వంతు అతనికిచ్చావేంటన్నా?"

"వాళ్లావిడ ఆస్పత్రిలో ఉంది. తొందరగా పోయి రావాలిగా."

"ఇవ్వమని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు?"

"ఇవ్వకపోతే ఏమవుతుంది?"

బాబా బుర్ర గోక్కున్నాడు. "ఇవ్వకపోవడమేంటి!"

ముంతాజ్ పెళ్లికి వెళ్లింది గానీ, ఏం తిన్నదో గుర్తులేదు. తిరిగొచ్చాక డ్రైవర్లను ఒక్కొక్కరినే కదిపింది. ఒకాయన దేవుడి భయం అన్నాడు. ఇంకొకాయన యూనియన్ రూలన్నాడు. ఆ స్టాండుకు అసలు యూనియనే లేదు. మరొకాయన, "అదంతా మా పెద్దాయన చూసుకుంటాడండి" అన్నాడు. ఒకప్పుడు స్టాండుకు పెద్దగా ఉన్న ఆయన చనిపోయి ఏళ్లయింది.

తిరువూరులోనే రెడ్డిగూడెం వైపు వెళ్లే ఆటోల స్టాండు ఉంది. దానికి యూనియన్ ఉంది, బోర్డు ఉంది, టోకెన్లున్నాయి, వంతు పిలవడానికి ఒక మనిషీ ఉన్నాడు. అయినా అక్కడ గొడవ లేని రోజుండదు. ఇది ముంతాజ్‌కి భలే వింతగా తోచింది. పరుగున వెళ్లి గైడుకు చెప్పింది.

"బాగుంది," అన్నారాయన. "ఈ తేడా ఎందుకంటావు?"

"గంపలగూడెం స్టాండువాళ్లు మంచోళ్లు సార్."

"మీ అన్న ఉన్నాడనా?"

ఆమె మొహం కందిపోయింది.

ఇక ఈసారి రెడ్డిగూడెం స్టాండులోనే మకాం వేసింది. కాలేజీ అయిపోగానే వెళ్లి టీ బంకు దగ్గర కూర్చునేది. మొదట్లో ఆమెను చూసి డ్రైవర్లు మాటలాపేవారు. పోను పోను, "మేడమ్‌కి ఓ టీ" అనడం మొదలెట్టారు. అక్కడ రాయప్ప అనే డ్రైవరు, నిన్నకు నిన్న టోకెన్ లేకుండా జనాన్ని ఎక్కించుకుని తగువు పడ్డవాడే, మాటల మధ్యలో ఒక సంగతి చెప్పాడు. అతను చాలాకాలం గంపలగూడెం స్టాండులోనే ఉండి వచ్చాడట.

"అక్కడెప్పుడైనా వంతు తప్పావా?"

"అక్కడా? లేదండి."

"మరి ఇక్కడ?"

రాయప్ప టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నాకూ అదే అర్థం కాదు మేడమ్."

ముంతాజ్ ఆ మాట వెంటనే రాసుకుంది. మనిషి ఒక్కడే, పనీ ఒక్కటే. స్టాండు మారేసరికి నడత మారింది. ఇక మంచోళ్లు, చెడ్డోళ్లు అనే మాట నిలవదు. మరేదో ఉంది.

ఈసారి సమస్యను సూటిగా రాసింది: అజమాయిషీ చేసేవాడు లేని స్టాండులో వంతు నిలుస్తోంది, రూళ్లున్న స్టాండులో చెదురుతోంది, కారణం తెలియదు. దాని కింద ప్రశ్నలు పెట్టింది. వంతు తప్పినవాడికి రెండుచోట్లా తర్వాత ఏం జరుగుతోంది? వంతు వదులుకోవడం ఏ సందర్భంలో చెల్లుతుంది? స్టాండు మారినవాడు కొత్తచోట ఏం నేర్చుకుంటాడు? చివరగా, ప్రభుత్వం ఏం చేయాలి?

పరిశోధనకు అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీలో ఒక ప్రొఫెసరు అడిగాడు. "చివరికి ఏం తేలుతుందనుకుంటున్నారు?"

"తెలియదు సార్."

సీతారామారావు గారు కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నారు. ఆ ప్రొఫెసరు చివరి ప్రశ్న కొట్టేసి, "ఇది జవాబు దొరికాక. మిగతావి ఖాయం చేసుకోండి" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే బాబా సంతోషించాడు గానీ, వెంటనే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నువ్వు రాస్తావు సరే. అది చూసి ఎవరో ఆఫీసరు వచ్చి మాకూ బోర్డు పెడితే?"

ముంతాజ్ రెండు స్టాండుల పేర్లూ మారుస్తానంది, ఒప్పుకున్నవాళ్లతోనే మాట్లాడతానంది. బాబా ఆలోచించుకుంటానన్నాడు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఆమె మాత్రం పని మొదలుపెట్టేసింది. ఎందుకని అడగడం మానేసింది, అలా అడిగితే అందరూ నీతులు చెబుతున్నారు. "పోయినసారి వంతు తప్పినప్పుడు ఏం జరిగిందో చెప్పండి," అంటుంది. మొన్న రెడ్డిగూడెం స్టాండులో అలా అడగ్గానే రాయప్ప ఒకటి చెప్పాడు, పక్కవాడు కాదన్నాడు, మూడోవాడు ఇద్దరివీ అబద్ధాలన్నాడు. ముంతాజ్ కుర్చీ ముందుకు జరుపుకుని, "ఒక్కొక్కరే, మొదట్నించీ," అంది.