పౌడరు వాసనకి పోయిన వేట

ఇవాళ మునిర్కా సిగ్నల్ దగ్గర రామ్‌లీలా విల్లులు అమ్ముతున్నారు. అవే బంగారు కాగితాలు, అదే పురికొస. చూడగానే జయ మీద మళ్ళీ కుళ్ళు పుట్టుకొచ్చింది నాకు.

తొంభైల్లో ఢిల్లీ గవర్నమెంటు క్వార్టర్సులో పెరిగిన మనందరి దగ్గరా ఆ విల్లు ఉండేది, గుర్తుందా? మా ఎదురింటి జయ దగ్గర మాత్రం అసలుది ఉండేది. వాళ్ళ నాన్నగారిది భద్రాచలం అవతల కోయగూడెం. వాళ్ళ విల్లుకి తాడు ఉండదు, సన్నటి వెదురు బద్దే నారి. మీటితే టంగుమనేది.

ఓ ఆదివారం సాయంత్రం అంకుల్ మా ఇద్దరినీ వసంత్ కుంజ్ వెనక తుప్పల్లోకి తీసుకెళ్ళారు. బాణాలు తేలేదు. నీలగాయికి, అదే మన మనుబోతుకి, తెలియకుండా దగ్గరికి వెళ్ళడం నేర్పిస్తానన్నారు. అది కనిపించగానే గుప్పెడు దుమ్ము వదిలి, గాలి ఎటుందో చూశారు. తర్వాత నా వైపు తిరిగి ముక్కు ఎగబీల్చారు.

"పౌడరు రాసుకున్నావామ్మా?"

సాయంత్రం మొహం కడిగి పౌడరు అద్దకుండా ఏ అమ్మ బయటికి పంపేది, మీరే చెప్పండి!

"గాలి మళ్ళిందంటే ఈ వాసనకి అది పారిపోతుంది. నువ్వు ఇక్కడే కూర్చో తల్లీ."

పౌడరు రాసుకోవద్దని జయకి ముందే చెప్పి ఉంటారు. ఇప్పటికీ నా అనుమానం అదే.

బండ మీద కూర్చుని చూశాను. జయ విల్లు పట్టుకుని, వంగి వంగి, చెయ్యి చాపితే నీలగాయి తోక అందేంత దగ్గరికి వెళ్ళింది.

పౌడరు డబ్బా చూస్తే మీ అందరికీ అమ్మ గుర్తొస్తుందట. నాకు జయ వీపు గుర్తొస్తుంది.