బంద్ నాడు వెళ్ళిన మెయిల్

దయ్యాల మాట ఎత్తితే వాదనకు దిగే మనిషిని నేను. గాలి సోకింది, దిష్టి తగిలింది అన్నవాళ్ళను సాక్ష్యం అడిగి నోరు మూయించినదాన్ని. కాబట్టి ఇది చదివి నవ్వేవాళ్ళు నవ్వండి. ఇంకొకరు రాసి ఉంటే నేనూ నవ్వేదాన్ని.

2012లో నారాయణగూడలో పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థలో ఆఫీసు వ్యవహారాలు చూసేదాన్ని. మాదిరి ప్రశ్నపత్రాలు బయటికి పొక్కుతున్నాయని మా ఓనరు ఒక ఏర్పాటు చేయించారు. మిగతా ఉద్యోగుల మెయిళ్ళు నేరుగా బయటికి వెళ్ళిపోతాయి. ప్రశ్నలు తయారుచేసే ఆరుగురివి మాత్రం ముందు నా దగ్గరికి వచ్చి ఆగుతాయి. నేను తెరిచి చూసి, అడుగున "చూశాను, పంపవచ్చు" అని టైపు చేసి వదిలితేనే కదులుతాయి. ఆ రెండు మాటలూ ప్రతిసారీ నా చేత్తో కొట్టాల్సిందే.

ఆ ఆరుగురిలో విమల ఒకరు. ఎకనామిక్స్ చూసేది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు సాయం చేస్తుండేది. ఆమెకూ నాకూ క్షణం పడేది కాదు.

ఒక శుక్రవారం సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. వరంగల్ బస్సు పట్టుకోవాలి. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకునే స్వప్న అనే అమ్మాయి సర్టిఫికెట్‌ను మా ఆఫీసులో స్కాన్ చేసి ఆ పిల్లకు మెయిల్ పెట్టింది. అది జత చేయకపోతే ఉద్యోగ దరఖాస్తు చెల్లదు. మర్నాడే ఆఖరి రోజు. వయసు దాటిపోతుంది కాబట్టి స్వప్నకు మళ్ళీ అవకాశం కూడా లేదు.

"జర జల్ది పంపక్కా, పిల్ల పరేషాన్ల ఉంది."

"నీ పిల్లలు ఎప్పుడు పరేషాన్ల లేరు గని? నా పనైనంక చూస్త."

"నా మెయిల్ మీద నీ పెత్తనమేంది అసలు?"

"పోయి ఓనర్‌ను అడుగు. నాకు జీతం గందుకే ఇస్తుండు."

ఆమె వెళ్ళిపోయింది. పెత్తనం అన్న మాట నాకు గుచ్చుకుంది. మెయిల్ తెరవలేదు. సర్వర్ ఆపి, మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చేశాను. మరచిపోలేదు. కావాలనే.

శనివారం బంద్. బస్సులు లేవు. కానీ మా ఇంటి నుంచి ఆఫీసుకు నడిచినా పావుగంటే. పోదామా వద్దా అనుకుంటూ పప్పు పొయ్యి మీద పెట్టాను, బట్టలు ఆరేశాను, మళ్ళీ గడియారం చూశాను. పోలేదు.

సోమవారం తాళం నేనే తీశాను. రెండో తాళంచెవి ఓనరు దగ్గర ఉంటుంది. ఆయన మూడు రోజులుగా తిరుపతిలో ఉన్నారు. సర్వర్ వేసి చూస్తే విమల మెయిల్ ఆగిన చోటే ఆగి ఉంది. ఆ పిల్లకు ఏం చెప్పాలా అనుకుంటూ మిగతా మెయిళ్ళు తెరిచాను.

పదిన్నరకు స్వప్నే వచ్చింది, అసలు సర్టిఫికెట్ తీసుకుపోవడానికి. నేను నోరు తెరిచేలోపే నా చేతులు పట్టుకుంది.

"మీ పుణ్యం అక్కా. మెయిల్ మీ చేతుల మీద్నే పోతదని విమలక్క చెప్పింది. బంద్ రోజు గూడ ఆఫీసుకొచ్చి పంపిండ్రు."

సగం షట్టర్ దించి నడిపిన ఇంటర్నెట్ సెంటర్లో శనివారం పదకొండు ఇరవైకి మెయిల్ అందిందట. దరఖాస్తు పూర్తిచేసి, ఎందుకైనా మంచిదని మెయిల్‌ను కూడా ప్రింటు తీసుకుంది. చూపించింది. పంపినవారి పేరు విమలదే. అడుగున నా మాటలు, "చూశాను, పంపవచ్చు." దాని పక్కన ఇంకో వాక్యం, "ఆలస్యమైంది, క్షమించాలి."

కంప్యూటర్లు చూసే సలీంను దోమలగూడ నుంచి పిలిపించాను. గంటసేపు వెతికాడు.

"శుక్రవారం ఆపిన సర్వర్ మళ్ల ఇయ్యాలనే చాలూ అయింది మేడం. గీ మెయిల్ ఇక్కడికెల్లి పోనేలేదు."

"మరి ఆ పిల్ల చేతిల ఉన్నదేంది?"

"అదే సమజ్ అయితలేదు."

విమల ఇంకెక్కడి నుంచైనా పంపిందేమో అనుకున్నాను. అసలు సర్టిఫికెట్ ఆఫీసులో తాళం వేసిన ఆమె డ్రాయర్లో ఉంది. స్కాన్ చేసిన ఫైలు మా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు.

స్వప్నకు ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా అది నా చలవే అంటుంది. నేను కాదనలేదు. విమలకు నిజం చెప్పడానికే రెండేళ్ళు పట్టింది. నేను ఆ సంస్థ వదిలేస్తున్న రోజు, టీ తాగుతుండగా అన్నాను, "ఆ మెయిల్ నేను పంపలే విమలా. కావాల్ననే ఆపిన."

ఆమె కప్పు కూడా కింద పెట్టలేదు.

"నాకు ఎరుకేనక్కా. స్వప్న తీసిన ప్రింటు చూసిన్నాడే ఎరుక. నువ్వు ఎవ్వర్నన్న క్షమించమని అడుగుతవా?"

మరి రాసిందెవరని అడిగాను. ఆమె ఖాళీ కప్పు పట్టుకుని లేచింది. అది నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసింది ఒకటే, క్షమించమన్న ఆ మాట ఆ పిల్లకు నేను బాకీ ఉన్నదే. ఇంతవరకూ నా నోటితో చెప్పలేదు.