ఎదురెండలో మా బావగారు

ఈ రోజు మా బావగారి తొలి మాసికం. మాసికమంటే నెలకొక పూట విస్తరి వేసి చేతులు కడుక్కోవడం కాదు. దేహం విడిచిన జీవుడు ఏడాది పొడవునా ఒక దారిన నడుస్తాడనీ, ఆ దారిలో చెట్టు నీడ ఉండదనీ, ఎండ తప్ప వేరే తోడు దొరకదనీ మన పెద్దలు నమ్మారు. ఆ బాటసారికి ఇక్కడ మిగిలినవాళ్ళు నెలనెలా అందించే దారిబత్తెం మాసికం. మా అక్క భర్త, నరసన్నపేట బడిలో లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించిన మనిషి, పోయిన నెల ఒక మధ్యాహ్నం పడక కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆ తుడవడం పూర్తికాకుండానే వెళ్ళిపోయారు. ఫోనులో మా మేనకోడలు చెప్పింది ఇంతే: "మావయ్యా, కళ్ళజోడు సేతిలోనే ఉన్నాది. నాన్న లేరు."

శ్రీకాకుళంలో సంతాపసభ పెట్టారు. వక్తలు ఆయనను జ్ఞానసూర్యుడన్నారు. ఆయనకూ సూర్యుడికీ ఉన్న వ్యవహారమేమిటో ఆ వేదిక మీద ఒక్కరికీ తెలియదు. ఒక పెద్దమనిషి ఆయనను జీవనపథంలో ఎక్కడా ఆగని యాత్రికుడని కొనియాడాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ చలికాలం ప్రతి సాయంత్రం ఆగిన మనిషి ఆయన. ఇంకొకడు దుఃఖాన్ని కాగితం మీద రాసుకొచ్చి, రెండో పేజీ కనిపించక కాసేపు జేబులు వెతుక్కున్నాడు. నేను మాట్లాడలేదు. కప్పిన పొగడ్తల శాలువాలకు నిజం అతకదని ఊరుకున్నాను. అక్కడ మింగినది ఇక్కడ చెబుతాను.

బావగారి ఇల్లు శ్రీకాకుళంలో, బడి నరసన్నపేటలో. ఉదయం ఈశాన్యానికి పోవాలి, సాయంత్రం నైరుతికి తిరిగి రావాలి. అంటే వెళ్ళేటప్పుడు సూర్యుడు ముఖం మీద, వచ్చేటప్పుడూ ముఖం మీదే. వీపున ఎండ కాచుకునే భాగ్యం ఆ దారి ఆయనకు ఇవ్వలేదు. నేనూ నరసన్నపేటలోనే తెలుగు పండితుడిగా పనిచేసినన్నాళ్ళూ ఆయన మోటారుసైకిల్ వెనక సీటు నాది. పుస్తకాలలో సూర్యోదయ వర్ణనలు లెక్కకు మించి చదివాను, పిల్లల చేత కంఠస్థం చేయించాను. ఆ పద్యాలు రాసిన మహానుభావులలో ఒక్కడైనా ఆ బింబానికి ఎదురుగా బండి నడిపి ఉంటే, ఆ పద్మాలూ చక్రవాకాలూ కాస్త తగ్గి, ఎదుట వచ్చే లారీ గురించి ఒక పాదమైనా ఉండేది. పూర్వులు సూర్యుణ్ణి తన కిరణాలను కాస్త వెనక్కి తీసుకోమని ప్రార్థించారు. ఆ ప్రార్థన అర్థం నాకు తరగతి గదిలో కాదు, బావగారి భుజం మీదుగా రోడ్డు కనిపించని ఒకానొక సాయంత్రం తెలిసింది.

ఆయన హెల్మెట్ అందమైనది కాదు. బూడిదరంగు డొప్ప, ముందు తెల్లని అద్దం, ఆ అద్దం పై అంచున కరెంటు పనివాళ్ళు వాడే నల్లటేపు పట్టీ. సూర్యుడు కిందికి దిగి కళ్ళలో గుచ్చుకునే వేళ ఆయన తల కాస్త వంచేవారు. బింబం ఆ పట్టీ వెనక్కి పోయేది, రోడ్డు పట్టీ కింద మిగిలేది. ఒక చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, మిగిలిన చేత్తో బండి నడిపే వీరులను చూసి ఆయన పెదవి విరిచేవారు. "రెండు సేతులున్నా నడపలేనోడు ఒక సేత్తో నడుపుతాడట బావా," అనేవారు నాతో.

బండి పెట్టెలో ప్లాస్టిక్ సంచి, అందులో తడిపి పిండిన పాత పంచె ముక్క. అది లేకుండా ఆయన గుమ్మం దాటలేదు. ముందు నీళ్ళతో అద్దం మీది దుమ్ము నానాలి, తరువాత ఆ తడిగుడ్డతో ఒత్తకుండా తుడవాలి. దీనిని ఆయన ఎవరికీ ఉపదేశించలేదు. ఉపదేశానికి తగినవారు ఆ రోడ్డు మీద కనబడలేదనే నా అభిప్రాయం. మినహాయింపు ఆయన తమ్ముడు. మా చిన్నబావ. ఈయన నోటికీ ఆలోచనకూ నడుమ ఎప్పుడూ దారి సాఫీగా ఉండదు. ఒకనాడు చిన్నబావ భుజం మీది పొడి తువ్వాలుతో తన హెల్మెట్ అద్దాన్ని గట్టిగా రుద్దుతున్నాడు.

"ఏట్రా ఆ పని? గరుకు కాయితంతో కళ్ళు తోముకుంటన్నావేటి?" అన్నారు బావగారు.

"అద్దమే కదన్నియ్యా. తుడిస్తే అరిగిపోతాదేటి?"

"అరగదు. గీసుకుంటాది. పగలంతా ఆ గీతలు నీకు కనబడవు. సాయంత్రం సూరీడు ఎదరకొచ్చినప్పుడు సాలెగూడు లాగ ఎలుగుతాయి. అప్పుడు నువ్వు రోడ్డు సూడవురా, గూడు సూస్తావు."

"నీకన్నీ భయాలే అన్నియ్యా."

"అవును. నీకా బాధ లేదు."

నల్ల అద్దాల హెల్మెట్లు పెట్టుకునేవారి మీద ఆయనకున్న చులకనభావం ఇంకా లోతైనది. మిట్టమధ్యాహ్నం వాళ్ళు సుఖపడతారని ఆయనకూ తెలుసు. మధ్యాహ్నం పోయి సాయంత్రం వస్తుందన్న సంగతి వాళ్ళకు తెలియదన్నదే ఆయన ఫిర్యాదు. జాతీయ రహదారి మీద భగభగలాడే ఎండలోంచి ఒక్కసారిగా వంతెన కిందికి దూరితే, తెల్ల అద్దంలోనే కంటికి కొంతసేపు ఏమీ ఆనదు. నల్ల అద్దంలో అయితే అక్కడ నిలబడిన గేదె కనబడేసరికి దాని ముట్టె ముందుచక్రానికి తగులుతుంది. ఇక ఎదురుగా హైబీమ్ వేసుకుని వచ్చే శూరుల సంగతి. లోకానికంతటికీ తామే దీపం పడుతున్నామనుకునే ఆ జాతి పెరుగుతూనే ఉంది, తరగదు. బావగారు వాళ్ళను తిట్టేవారు కాదు, తిట్టు దండగని. తన లైటు ఒకసారి డిమ్ చేసి చూపేవారు. వాళ్ళకు అర్థం కాకపోతే చూపు రోడ్డుకు ఎడమ అంచున ఉన్న తెల్లగీత మీదికి మళ్ళించి, దానిని పట్టుకుని నెమ్మదిగా వెళ్ళేవారు. "ఎలుతురు ఎక్కువైనా సీకటే బావా," అన్నది ఆయన మాట. గీతలు పడ్డ మనసులతో సభలు ఏలుతున్నవారిని చూసినప్పుడల్లా ఆ మాట నాకు వేరే చోట్ల కూడా పనికివచ్చింది.

నరసన్నపేట నుంచి వస్తూ వంశధార వంతెన ఎక్కే ముందు ఒక టీ బడ్డీ ఉంది. శీతకాలం సాయంత్రాలలో సూర్యుడు సరిగ్గా వంతెన చివర రోడ్డు మీద కూర్చున్నట్టు ఉంటాడు. పక్కన నీళ్ళలో ఇంకొకడు. ఆ వేళ బావగారు బండి ఆపేసేవారు. అద్దం పైకెత్తి, బెంచీ మీద కూర్చుని, టీ తాగుతూ, సూర్యుడు రోడ్డు దిగేదాకా కదిలేవారు కాదు. ఆయన సంధ్య వార్చగా నేను చూడలేదు. కాని అరసవల్లిలో సూర్యదేవుడు కొలువున్న జిల్లాలో, ఆ దేవుడికి నిజంగా దారి ఇచ్చి నిలబడిన భక్తుణ్ణి నేను ఆయన తప్ప వేరొకరిని ఎరుగను.

అదే బడి నుంచి ఇళ్ళకు పోతున్న తోటి మాస్టర్లు నవ్వుకుంటూ వెళ్ళేవారు. "ఏటి మాస్టారూ, సూరీడికి దారిచ్చి కూకున్నారా?"

"మీరెళ్ళండి బాబూ. కళ్ళు మూసుకుని ఎళ్ళేవోళ్ళకి సూరీడితో పనేటి?"

బడ్డీ ఆమె మూకుడులో బజ్జీ తిప్పుతూ అనేది, "మాస్టారుగోరు లేస్తేనే నాకు పొద్దుగూకినట్టు."

ఆయన విరమించి కొన్నేళ్ళైంది. మోకాళ్ళు మొరాయించి బండి పెరట్లో చేరింది. ఆ తరువాత మా మేనకోడలికి ఉద్యోగం వచ్చింది. చిత్రమేమిటంటే, నరసన్నపేటలోనే. ఆమెది స్కూటరు. దారి అదే, ఎండ అదే. తండ్రి చెప్పబోయేలోగా చిన్నబావ పరుగున వచ్చి అన్నగారి హెల్మెట్ కంపెనీదే ఒక కొత్తది తెచ్చాడు. దాని అద్దానికి నెమలికంఠం రంగు మెరుపు. ఎదుటివాడి ముఖం, వీధి, ఆకాశం అన్నీ అందులో కనిపిస్తాయి, లోపలున్న మనిషి తప్ప. అంతటితో ఆగాడా. గుమ్మం ముందు స్కూటరుకు పూజ చేసి, పసుపు కలిపి, ముందుచక్రానికి ఒక బొట్టు, హ్యాండిల్‌కు ఒకటి, హెల్మెట్ అద్దానికి నడిమధ్యన ఒకటి, కుంకుమతో సహా తీర్చి పెట్టాడు.

"బొట్టు బండికెట్టరా, పిల్ల కంటికి కాదు," అన్నారు బావగారు కుర్చీలోంచి.

"శుభం అన్నియ్యా. బావని అడుగు, శాస్త్రంలో ఉన్నాదా నేదా?"

నన్ను సాక్షిగా పిలిచాడు. కళ్ళకు గంతలు కట్టమని ఏ శాస్త్రంలోనూ లేదని చెప్పాను. ఆయన వినలేదు. శాస్త్రమంటే తమ అలవాటుకు ఇంకొకరు వేసే ముద్ర అనుకునేవారితో వాదం పెట్టుకోరాదు. పిల్ల ఆ బొట్టును తరువాత పొడిగుడ్డతో తుడిచింది. పసుపు పలుకులు అద్దం మీద చక్కగా వలయాలు గీశాయి.

కోతలైన కొత్తలో మన రైతులు సర్వీసు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ఎవరి రోడ్డు, ఎవరి రాళ్ళు అని అడిగేవాడు లేడు. ఒక సాయంత్రం మా మేనకోడలు ఆ రాళ్ళ మీదికి పోయింది. ఎదురెండకు ఆ వలయాలన్నీ ఒక్కసారి వెలిగి, రోడ్డు బంగారు రేకులా అయిపోయిందట. రాయి చక్రానికి తగిలి, స్కూటరు పడి, ఆమె ధాన్యం కుప్ప మీద పడింది. కుప్ప ఇవతల ఉంది గనక మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. అవతలి పక్కన లారీల దారి.

ఇంటికి వచ్చి చెబితే బావగారు కోప్పడలేదు. ఆ హెల్మెట్ తెమ్మని, వసారాలోంచి ఎండకు ఎదురుగా ఎత్తి చాలాసేపు చూశారు.

"ఏటే, ఇది సూసుకోడానికా, సూడ్డానికా?"

"బాబాయ్ తెచ్చాడు కదా నాన్నా, ఏటంటాను."

"నా హెల్మెట్ అద్దం దీనికి సరిపోతాది. ఆదివారం నాది తీసి నీకు బిగిస్తాను. టేపు కూడా ఎడతాను. అందాకా బస్సులో ఎళ్ళు."

ఆ ఆదివారం ఆయనకు రాలేదు.

పెద్దకర్మ నాడు దానాలు పేర్చారు. గొడుగు, చెప్పులు, చెంబు, దుప్పటి. పురోహితులవారి చూపు చిలక్కొయ్యకు వేలాడుతున్న బూడిదరంగు హెల్మెట్ మీద పడింది. ఆయన తన బండి మీద బోడితలతో వచ్చారు. "ఆ దారిలో ఎండ తీక్షణంగా ఉంటుందని గొడుగిస్తున్నారు. శిరస్త్రాణం కూడా చేరిస్తే జీవుడికి మరీ సుఖం," అన్నారు. కర్త చిన్నబావే. ఆయనకు వెంటనే నచ్చింది. "అవున్లెండి, పోయినోళ్ళ వస్తువు ఇంట్లో ఉండకూడదు. ఏటంటావు బావా?"

"శాస్త్రంలో గొడుగుంది, చెప్పులున్నాయి. హెల్మెట్ లేదు. ఆ దారిలో హైబీమ్ వేసుకొచ్చే లారీలు లేవు కనక," అన్నాను.

నా మాట ఇంకా గాలిలో ఉండగానే మేనకోడలు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి అందరి ముందూ చతికిలబడింది. తండ్రి హెల్మెట్ నుంచి తెల్ల అద్దం విప్పింది. తన దాని నుంచి మెరుపు అద్దం విప్పి పక్కన పడేసి, తండ్రిది బిగించుకుంది. డొప్ప తన తలకు పెద్దది, అది ఇచ్చేయమంది. బోడి హెల్మెట్‌ను చూసి పురోహితులవారి ముఖం చిన్నబోయింది.

చిన్నబావ వెలిగిపోయాడు. "దానికేటి, ఆ మెరుపద్దం దీనికి బిగించీసి పంతులుగారికి ఇచ్చీండి. రెండు పనులూ అయిపోతాయి."

"పంతులుగారూ, ఇంటికి ఏ వైపు ఎళ్తారు?" అని అడిగింది మా మేనకోడలు.

"ఎచ్చెర్ల అమ్మా."

"సాయంత్రమేనా?"

"ఇదంతా అయ్యేసరికి సాయంత్రమే కదా."

"అయితే ఇది మీకివ్వను. సూరీడు మీకూ ఎదురే. మీరు భోజనం చెయ్యండి, ఈ లోగా బజారుకెళ్ళి తెల్లద్దం తెస్తాను. మా నాన్న పేరు మీద ఒకరి కళ్ళు పోగొట్టడం దానం కాదు బాబాయ్."

చిన్నబావ మెరుపు అద్దాన్ని తీసి చంకన పెట్టుకున్నాడు. అప్పటిదాకా గోడకు చేరగిలబడి ఉన్న మా అక్క తల ఎత్తింది. "అచ్చం ఆయన ఎటకారమే," అంది. ఆయన పోయాక ఆమె నోట నేను విన్న తొలి మాట అది.

మెరుపు అద్దాన్ని చిన్నబావ వెనక్కి పట్టుకుపోయాడు. పెరట్లో మేకుకు తగిలించి, దాని ముందు గడ్డం గీసుకుంటున్నాడని వినికిడి. అది తన అసలు ఉపయోగానికి చేరింది.

మొన్న ఒక పని మీద నరసన్నపేట వెళ్ళి, సాయంత్రం బస్సులో తిరిగి వస్తున్నాను. కిటికీలోంచి పడే ఎండకు నా పక్కవాడు తెర లాక్కుని నిద్రపోయాడు. వంతెన దగ్గర బస్సు నెమ్మదించింది. బండ్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ, హారన్లు మోగిస్తూ, మండుతున్న ఆ వంతెన మీదికి గుడ్డిగా ఎక్కిపోతున్నాయి. టీ బడ్డీ పక్కన స్కూటరు ఆగి ఉంది. బెంచీ మీద మా మేనకోడలు. ఒళ్ళో హెల్మెట్, చేతిలో తడిపి పిండిన పంచె ముక్క, అద్దం పై అంచున కొత్తగా అంటించిన నల్ల పట్టీ. పక్కన టీ గ్లాసు పొగలు కక్కుతోంది. ఆమె అద్దాన్ని ఒత్తకుండా తుడుస్తూ, ఎవరికోసమూ తొందరపడకుండా, సూర్యుడు రోడ్డు దిగడం కోసం చూస్తోంది.

నెలనెలా బత్తెం అందుకుంటూ నీడలేని దారిన పోతున్న మా బావగారికి ఆ గొడుగు చాలుగాక. ఆయన వదిలిన దారిన వెనక రాబోయే పిల్లలందరికీ గీతలు పడని అద్దమూ, ఆగడానికి సిగ్గుపడని మనసూ, ఆగిన చోట ఒక వేడి టీ దొరుకుగాక.