ఎక్కి చూడని కప్పు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, జూన్ మొదటి వారంలో నన్ను అనంతపురంలో పాత కట్టడాల తనిఖీకి వేశారు. అప్పటికి నేను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌ని. ఆఫీసు వాడుకలో డీఈ. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. తాడిపత్రి వైపు ఒక వంతెన పని మొదలవుతోంది. సీనియారిటీ ప్రకారం అది నాకు రావాలి. నాకంటే ఆరేళ్లు చిన్నవాడికి ఇచ్చారు. ఆ ఉత్తర్వు జిరాక్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మా డివిజన్‌కు పెద్ద ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, అంటే ఈఈ. ఆయన నన్ను నిలబెట్టే ఈ పని అప్పగించాడు. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. "పాత బిల్డింగులు మీకే బాగా అర్థమవుతాయి సార్" అన్నాడు. పక్కనున్న గుమాస్తా తల వంచుకుని నవ్వాడు. అతని పేరు కూడా నాకు గుర్తుంది గానీ ఇక్కడ రాయను.

జాబితాలో మొదటిది చంద్రకళా టాకీస్. పాత ఊరి నడిబొడ్డున, కూరగాయల అంగళ్లకు వెనక ఉన్న హాలు. రెండడుగుల మందం రాతి గోడలు, ముందు ఏడు మెట్లు, లోపల టేకు చెక్కల సీలింగు. కరోనాలో మూసిన తలుపులు మళ్లీ తెరవలేదు. జాబితాలో దానికి ఎదురుగా ఇలా ఉంది: "కలప దూలాల కప్పు. ఆయుర్దాయం తీరినది. ప్రమాదకరం." నేను వెళ్లి చూసి, నిజమే అని సంతకం పెడితే హాలు కూల్చమని యజమానికి నోటీసు వెళ్తుంది.

ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. సినిమా హాలుకు ఏటేటా లైసెన్సు నిలవాలంటే కరెంటు తనిఖీ, అగ్నిమాపక అనుమతితో పాటు కట్టడం గట్టిగా ఉందని మాలాంటి ఇంజనీరు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. అందులో పునాది, గోడలు, కప్పు, బాల్కనీ, మెట్లు అని గళ్లుంటాయి. ఒక్కో గడిలో ఏముందో, ఏ స్థితిలో ఉందో రాయాలి. జరిగేదేమంటే, వెళ్లిన ఇంజనీరు పాత కాగితం ముందు పెట్టుకుని తేదీ మార్చి అదే దించుతాడు. ఒకసారి కప్పు గడిలో "కలప" అని పడితే, హాలు మూతపడేదాకా అది కలపే. మూతపడ్డాక జాబితా తయారుచేసినవాళ్లు చివరి సర్టిఫికెట్ తీసి, అంత పాత కలప ఇంకెక్కడ నిలబడుతుందని ప్రమాదకరం అన్నారు.

నేను మొదటిసారి వెళ్లేసరికి ఆ ఏడు మెట్ల మీద పదిహేను ఇరవై మంది కుర్రవాళ్లు, ఆడపిల్లలు పుస్తకాలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు. కళ్యాణదుర్గం, ముదిగుబ్బ పల్లెల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటారు. రేకుల గదులు కాబట్టి పదకొండు దాటితే లోపల కూర్చోలేరు. రాతి గోడ నీడకు ఇక్కడికి చేరతారు. ఒకాయన చీపురు పట్టుకుని వాళ్లను లేపే ప్రయత్నంలో ఉన్నాడు. ఆయన మస్తాన్. ముప్పై ఐదేళ్లు ఈ హాల్లో ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటరు, ఇప్పుడు కాపలాదారు. నన్ను చూసి చీపురు గోడకు ఆనించాడు. నమస్కారం పెట్టలేదు. నేను అదీ గుర్తుపెట్టుకున్నాను.

యజమానురాలు పద్మావతమ్మ మెట్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వాళ్లది నూనె వ్యాపారుల కుటుంబం. ఈ హాలు ఆమె మామగారు కట్టించింది. భర్త పోయారు. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం మండీలో బేరం చేసే గొంతు.

"కూలదోసేదానికి వచ్చినావా నాయనా?" అంది.

చూసేదానికి వచ్చానన్నాను.

"చూసేవాళ్లు చానామందే వచ్చినారు. మా మరిది కొడుకు వచ్చి కాంప్లెక్సు కడతానన్నాడు. ఇంకొకడు పెండ్లి మంటపం అన్నాడు. ఒకాయన కార్ల షెడ్డు అన్నాడు. నువ్వు ఏమంటావు?"

కప్పు కలపదైతే నేను అనేదేమీ ఉండదని చెప్పాను. ఆమె మెట్ల మీది పిల్లలను చూపించింది. "సినిమా ల్యాకపోయినా జనం వస్తాండారు చూడప్పా. మస్తాన్ తరమతాడు, వీళ్లు మల్లా వస్తారు. టికెట్టు ల్యాకుండా వచ్చే జనాన్ని నేను ఇదే సూడడం. వీళ్లను లోపలికి పిలిస్తే పోలా అని రోజూ అనుకుంటాండా. కప్పు మీద పడితే ఎవురు పూచీ? అదొక్కటి చెప్పు నాకు."

ఆమె అడిగింది అదొక్కటే. ఉద్యోగంలో అంత సూటి ప్రశ్న నన్ను అడిగినవాళ్లు తక్కువ.

లోపల చీకటి, దుమ్ము, గబ్బిలాల వాసన. కానీ బయట నిప్పులు కురుస్తుంటే లోపల చల్లగా ఉంది. సీలింగు పైకి ఎలా వెళ్లాలని అడిగాను. మస్తాన్ నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"పైకా? మీరా?" అన్నాడు.

"ఏం, ఎక్కలేననుకున్నావా?"

"ఎక్కలేరని కాదు సారూ. ఇంజనీర్లు ఎవురూ ఎక్కరు. ఈడనే కుర్చీ ఏసుకొని, సోడా తాగి, రాసుకొని పోతారు. మీరు ఎక్కుతాననేసరికి ఆచ్చర్యమైంది, అంతే."

నేను ఆ మాటకు ఒళ్లు మండి, ఇనుప నిచ్చెన పట్టుకుని అతని కంటే ముందు ఎక్కాను. ప్రొజెక్టర్ గదికి వెనక చిన్న తలుపుంది. అది దాటితే సీలింగు పైభాగం. టార్చి వేసి చూస్తే అక్కడ కలప దూలం ఒక్కటి కూడా లేదు. గోడ నుంచి గోడకు ఇనుప ట్రస్సులు. త్రికోణాలు త్రికోణాలుగా కట్టిన చట్రాలు, రివెట్లు కొట్టినవి, ఎర్ర సీసపు రంగు పూసినవి. కింద కనిపించే టేకు చెక్క ఆ ఇనుముకు వేలాడదీసిన ముసుగు మాత్రమే. ట్రస్సుల ఇనుప పలక మందం కొలిచాను. మొదట వేసిన మందానికి దాదాపు తరుగు లేదు. తుప్పు పట్టడానికి కూడా వాన కావాలి. ఏ కరువు ఈ జిల్లా వేరుశనగను ఎండబెట్టిందో, అదే ఈ ఇనుమును కాపాడింది.

కిందికి వచ్చి పద్మావతమ్మకు చెప్పాను. ఆమె సంతోషించలేదు. "మా మామ ఇనుము తెప్పించినాడని పెండ్లయిన నాటి నుంచి ఇంటాండా. మీరు కట్టె అని రాసుకున్నారు. ఎవురప్పా రాసింది?" అంది.

ఆ వెధవ ఎవడో తేలుస్తానని మాటిచ్చాను. నా మాటలు అవే. నెల రోజులు ఆఫీసులో కనిపించిన ప్రతివాడి ముందూ అదే అన్నాను. కుర్చీలోంచి లేవకుండా సర్టిఫికెట్లు రాసే జాతి అని తిట్టాను. ఈఈ గది బయట కొంచెం గట్టిగానే తిట్టాను. తర్వాత రికార్డు గదికి వెళ్లి పాత ఫైళ్లు దించమన్నాను. ఆ మనిషి పేరు నివేదికలో రాయాలని నా పట్టుదల. ఏడాది వెనక ఏడాది తిప్పాను. అన్నిటా "కలప". చివరికి అడుగున ఒక కాగితంలో, అంతకు ముందు సంవత్సరం వరకు "ఇనుప ట్రస్సులు" అని ఉన్న గడిలో, మొదటిసారి "కలప దూలాలు" అని ఉంది. చేతిరాత కుడివైపు వాలింది. కింద సంతకం, అసిస్టెంట్ ఇంజనీర్. అది నా సంతకం.

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం ఎనిమిది నెలలు ఇక్కడ పనిచేసి బదిలీ అయ్యాను. ఊరికి రెండు మూడు హాళ్లుండే కాలం. ఏ హాల్లో ఏం చూశానో గుర్తులేదు. పాత కాగితం చూసి దించేవాళ్లను ఎంత తిట్టానో, నేను అదైనా చేయలేదు. కింద కూర్చుని తలెత్తి, టేకు సీలింగు చూసి, పాతవాళ్లు తప్పు రాశారనుకుని దిద్దాను.

మర్నాడు హాలుకు వెళ్లి మస్తాన్‌ను అడిగాను, అప్పట్లో తనిఖీకి వచ్చినవాళ్లు ఎవరైనా గుర్తున్నారా అని.

"ఎందుకు గుర్తులేరు? మీరే కదా సారూ" అన్నాడు. "పైకి రండి, చూపిస్తా అంటి నేను. ప్యాంటు మాసిపోతాది పోరా అన్నారు. అప్పుడు నాకు కొత్తగా పెండ్లయింది. నా పెండ్లాం ఆడనే నిలబడి ఉన్నింది. ఆ యమ్మి ముందర పోరా అన్నారు."

మొదటి రోజు నమస్కారం ఎందుకు పెట్టలేదో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లు చెప్పలేదేమని అడిగితే, "మీరు అడగలా" అన్నాడు. తప్పు నాదేనన్నాను. అతను సోడా తెప్పించాడు. తాగాను.

నివేదికలో ఏం రాయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఈఈ ఈసారి కూర్చోమన్నాడు. "పూర్వపు రికార్డులో పొరపాటు దొర్లినది" అని ఒక ముక్క రాస్తే చాలన్నాడు. పేరెందుకు, రిటైర్మెంటు ముందు మెమో ఎందుకు, పెన్షన్ కాగితాలు ఆగుతాయి అన్నాడు. మంచికే చెప్పి ఉంటాడు. కానీ ఎవరు, ఎందుకు తప్పు రాశారో లేకపోతే పైవాళ్లు కొత్త మాటను నమ్మరు. పాత కాగితాలన్నీ కలప అంటున్నాయి, ఒక్క నేను ఇనుము అంటున్నాను. అందుకని ఫలానా సంవత్సరం అసిస్టెంట్ ఇంజనీర్‌గా ఉన్న నేను, కప్పు పైకి ఎక్కకుండా, కింద నుంచి చూసి తప్పుగా రాశాను అని రాసి సంతకం చేశాను. ట్రస్సుల ఫోటోలు, కొలతలు జతచేశాను.

కూల్చే జాబితా నుంచి హాలు పేరు తీసేశారు. కానీ పద్మావతమ్మ అనుకున్నట్టు చదువుకునే పిల్లలను లోపల కూర్చోబెట్టాలంటే, ఇనుప దూలాల మీదున్న బాల్కనీకి బరువు పరీక్ష చేయాలన్నారు. అది న్యాయమే. పరీక్షకు నిర్ణీత బరువు బాల్కనీ మీద ఒక రోజంతా ఉంచాలి. అది ఎంత వంగిందో డయల్ గేజీతో, అంటే వెంట్రుకవాసి కదలికను కూడా చూపే ముల్లు పరికరంతో, రాసుకోవాలి. బరువు దించిన మరో రోజులో ఆ వంపులో కనీసం ముప్పావు వంతు వెనక్కి రావాలి. రాకపోతే బాల్కనీ పనికిరాదు. మామూలుగా ఇసుక బస్తాలు పేరుస్తాం. అప్పుడు ఇసుక దొరకలేదు. పద్మావతమ్మ మండీలోని బంధువులకు చెప్పి వేరుశనగ బస్తాలు పంపించింది. కార్తీకం, కొత్త కాయ దిగిన సమయం. ఒక్కో బస్తా తూచి, బరువు సుద్దతో రాసి, వరసలు వరసలుగా బాల్కనీ కుర్చీల చోట నిలబెట్టాం.

మస్తాన్ కింద నిలబడి పైకి చూశాడు. "అమ్మా, బాల్కనీ హౌస్‌ఫుల్!" అని అరిచాడు.

"అరిసేది తర్వాత, నిలబడనీ ముందు" అంది పద్మావతమ్మ. ఆ రోజంతా ఆమె మెట్ల మీది కుర్చీలోంచి లేవలేదు. హాలు ఉంటుందో పోతుందో ఆ ముల్లు చెప్పాలి. గంటగంటకూ నేను కాగితం మీద అంకె వేస్తుంటే, చదువుకునే పిల్లలు కూడా పుస్తకాలు మూసి లోపలికి తొంగిచూశారు. మూడో రోజు ఉదయానికి బాల్కనీ వంగినంతా దాదాపు పూర్తిగా వెనక్కి వచ్చింది. ఆమెకు అంకె చెబితే, "ఇనుమే కదా" అంది. అంతే.

తర్వాత పని మామూలే, అయినా ఒక్క సంగతి చెప్పాలి. వాలుగా ఉన్న నేలను మట్టి పోసి చదును చేద్దామని కాంట్రాక్టరు అన్నాడు. అంత మట్టి పోస్తే అది పక్క గోడలను బయటికి నెడుతుంది. నేను వద్దన్నాను. చిన్న ఇటుక గోడల మీద తాడిపత్రి నాపరాళ్లు పరిచి, వెడల్పాటి మెట్లుగా చేశాం. ఒక్కో మెట్టు మీద ఒక వరస బల్లలు. వెనక కూర్చున్నవాడికి ముందువాడి తల అడ్డు రాదు. సినిమా హాలు గుణం అలాగే ఉంది. కప్పు మీద పగిలిన రేకులు మార్చి, వేడి గాలి పోయే పాత కిటికీలు తెరిపించాం. మరుసటి మార్చిలో చంద్రకళా టాకీస్ చదువుల హాలుగా తెరుచుకుంది. పిల్లలు నెలకింత కడతారు. ముందు వసారాలో జిరాక్సు అంగడి, టీ అంగడి అద్దెకున్నాయి. కట్టడం తన ఖర్చు తానే తెచ్చుకుంటోంది. పది దాటి వెళితే కుర్చీ దొరకదు.

ప్రారంభ శిలాఫలకం మీద పదకొండు పేర్లున్నాయి. ఈఈ పేరు నాలుగోది. చదువుల హాలు ఆలోచన తనదేనని ఆయన సభలో చెప్పాడు. పద్మావతమ్మ ముందు వరసలో కూర్చునే వింది. నా పేరు లేదు. నాకు వచ్చింది మెమో. తప్పు సర్టిఫికెట్ ఇచ్చినందుకు సంజాయిషీ అడిగారు, ఇచ్చాను, హెచ్చరికతో మూసేశారు. నా తప్పును ఏటేటా చూడకుండా దించినవాళ్లలో ఒక్కరికీ మెమో రాలేదు. ఇది అన్యాయమని అప్పుడే రాతపూర్వకంగా తెలియజేశాను. జవాబు రాలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఈ ఉదంతం నాకు నేర్పినది ఒక్క నియమం: కప్పు గురించి రాసేవాడు కప్పు ఎక్కాలి. సర్టిఫికెట్‌లో "పైకి ఎక్కి చూసిన తేదీ" అని ఒక గడి చేర్చమని రిటైరయ్యే ముందు శాఖకు లేఖ పెట్టాను. చేర్చలేదు. అయితే చంద్రకళలో ఆ గడి అవసరం లేదు. కిందటేడు తనిఖీకి వచ్చిన కొత్త అసిస్టెంట్ ఇంజనీరు కుర్చీ అడిగాడట. మస్తాన్ అతని చేతికి టార్చి ఇచ్చి నిచ్చెన చూపించాడు. సోడా దిగి వచ్చిన తర్వాతే ఇచ్చాడు.