పసుపు లేని బియ్యం

మా అక్కకు పూలంటే ప్రాణం. జగిత్యాలలో తన ఇంటి డాబా మీద బంతి, కనకాంబరం, జాజి, గులాబీ, ఏదీ లేదనకుండా పెంచుతుంది. పొద్దున్నే కోసి వాడకట్టంతా పంచుతుంది. తన తలలో మాత్రం ఒక్కటి పెట్టుకోదు. మా బావ పోయినప్పటి నుంచి అంతే. పెళ్లికి పిలిస్తే వెనక అర్రలో కూర్చుంటుంది. పేరంటానికి పిలిస్తే జ్వరం అంటుంది. ఎవరూ పక్కకు జరగమనకముందే తనే జరిగిపోతుంది. నాకేమో అది చూస్తే ఒళ్లు మండుతుంది.

మొన్న వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి. ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది అక్కే. నేను సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు చూసుకుంటూ పొద్దంతా ఆ చప్పుట్లో పడి ఉంటే, పిల్ల పెద్దమ్మ దగ్గరే నడక నేర్చింది, మాటలు నేర్చింది. అందుకని సంబంధం ఖాయమైన రోజే అక్కకు చెప్పేశాను, పిల్లకు ఒడిబియ్యం నువ్వే పోయాలని. మా వైపు పెళ్లికూతురి ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి పంపడమే పుట్టింటి దీవెన. పోసేది ముత్తైదువలు.

"నా చేతులతోని పోస్తే రేపు పిల్లకు ఏమన్న అయితే? నాతోని కాదు. ఇంకోపారి అడుగకు" అంది అక్క.

పిల్ల అలిగి అన్నం మానేసింది. నేను అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఆమె కదల్లేదు. ఇంతలో నిరుడెప్పుడో అక్కాచెల్లెళ్లం ఇద్దరం బుక్ చేసుకున్న ఇటలీ టూరు వచ్చి నెత్తిన పడింది. "పెండ్లి ముంగటేసుకొని షికార్లేందే మీకు?" అని కోరుట్ల నుంచి మా మేనత్త ఫోనులో దులిపేసింది. దులిపితే దులపనీ అనుకున్నాను. టూరులో అయితే నా పక్క సీటు వదిలి ఎక్కడికీ పారిపోవడానికి అక్కకు వీలుండదు. ఎట్లాగైనా ఒప్పించుకుని రావాలనే నేను విమానం ఎక్కాను. అక్కడ చూడాల్సినవేవో నాకు పట్టనే లేదు.

తీరా అక్కడ ఊరూరా తిరుగుతూ నేను ఆ మాటెత్తినప్పుడల్లా అక్క కిటికీలోంచి బయటికి చూసేది. ఇక నావల్ల కాదనుకున్న రోజున ఆ తోటకు తీసుకెళ్లారు.

అది సముద్రం మీదికి నిటారుగా లేచిన గుట్ట కొసన ఉంది. వందల ఏళ్ల కిందట ఎవరో కలిగినవాళ్లు వేసిన తోటట. మధ్యలో పాడుబడితే తర్వాతి వాళ్లు మళ్లీ నిలబెట్టారట. బస్సు కిందనే ఆగిపోయింది. అక్కడి నుంచి రాతి మెట్లు, ఇరుకు సందులు, మళ్లీ మెట్లు.

"కొండగట్టు ఎక్కినట్టే ఉన్నది గదనే. పైన అంజన్న సుత లేకపాయె, ఎవలికి మొక్కాలె?" అని రొప్పుతూ నన్ను తిట్టింది అక్క.

లోపలికి అడుగుపెట్టగానే తిట్లు ఆగిపోయాయి. ఎదురుగా తిన్నని పొడుగాటి బాట. దాని మీద పందిరి. పందిరి నిండా ఊదారంగు పూలు గుత్తులు గుత్తులుగా కిందికి వేలాడుతున్నాయి. ఆకు కనపడదు, అన్నీ పూలే. వాసనకు తల తిరిగిపోయింది నాకు. పక్కన మెట్లు మెట్లుగా కిందికి దిగిపోతున్న నిమ్మతోటలు. బాట చివర రాతి గోడ, దాని మీద వరసగా రాతి తలకాయలు, గాలివానలకు ముక్కులు అరిగిపోయి ఉన్నాయి. వాటి వెనక ఇక నేల లేదు. అంతా ఆకాశం, ఎక్కడో కింద సముద్రం. మా సిరిసిల్లలో రంగు అద్ది అప్పుడే ఆరేసిన నీలి నూలు ఉంటుంది చూడండి, ఆ రంగు.

"అవ్వో! ఏం చెట్టే గిది? జగిత్యాలల పెడితే బతుకుతదా?" అంటూ అక్క పందిరి కింద ఇత్తనం కోసం వెతకడం మొదలుపెట్టింది. సముద్రం వైపు తలెత్తి చూడనే లేదు. రెండు మూడు పూరేకులు రాలి ఆమె కొప్పులో పడ్డాయి. ఆమె చూసుకోలేదు. నేను చెప్పలేదు. చెబితే దులుపుకుంటుందని నాకు తెలుసు.

అప్పుడు మా గైడు కేకేసింది. ఆమె హైదరాబాదు మనిషి, నా ఈడుదే. "కొంచెం పక్కకు జరగండి, పెళ్లివాళ్లు వస్తున్నారు!"

బాట ఆ చివర తెల్లబట్టల పెళ్లికూతురు కనిపించింది. చూద్దువు గానీ అని అక్క చెయ్యి పట్టుకోబోతే అక్క లేదు. పందిరి స్తంభం చాటుకు పోయి, కొంగు తల మీదికి లాక్కుని, రాతికేసి మొహం తిప్పుకుని నిలబడింది.

"ఏందక్కా గిది? ఇక్కడోళ్లకు ఏమెరుక మన సంగతి?"

"ఆళ్లకు ఎరుకలేకపోతే నాకు ఎరుకలేదా? పెండ్లిపిల్లకు ఎదురు పడొద్దే. ఆడివిల్ల ఉసురు నాకెందుకు?"

నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఇంత దూరం వచ్చినా ఆ వెనక అర్ర మా వెంటే వచ్చిందని ఆ తోటలో నిలబడి బావను కూడా తిట్టుకున్నాను, ఎందుకు పోయావయ్యా అని.

పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని అందరికన్నా ముందు ఒక ముసలామె నడుస్తోంది. పైనుంచి కింది దాకా నలుపే. గుండెల దగ్గర మాత్రం ఒక తెల్లపువ్వు గుచ్చుకుంది. రెండో చేతికి గుడ్డసంచి. గైడు పెళ్లివాళ్లలో ఒకరిని అడిగి మాకు చెప్పింది. "పెళ్లికూతురి అమ్మమ్మట. ఇక్కడ పాతకాలం వాళ్లు భర్త పోతే ఇట్లా నలుపే కడతారండీ."

కొంగు కొద్దిగా పక్కకు జరిగింది. "మొగడు లేడా ఆమెకు?"

"లేడట."

"మరి పిల్ల చెయ్యి పట్టుకొని ముంగట నడుస్తున్నదేందే!"

ముసలామె దారి పొడుగునా నిలబడ్డవాళ్లకు సంచిలోంచి ఏదో తీసి ఇస్తూ వస్తోంది. మా దగ్గరికొచ్చి ఆగింది. స్తంభం చాటున ఉన్న అక్కను చూసింది. చెయ్యి పట్టి బయటికి లాగి, దోసిట్లో పిడికెడు బియ్యం పోసింది. అక్క ప్రసాదమనుకుని కళ్లకద్దుకుని కొంగున ముడేసుకోబోయింది.

"దాచుకునేవి కావండీ, జంట మీద చల్లాలి. ఇవి ఇక్కడి అక్షింతలు" అంది గైడు.

అక్క తన దోసిలి చూసుకుంది. బావ పోయాక అక్షింతలు ఆమె చేతికి రావడం అదే మొదటిసారి. నా చేతిలో పోసేసి మళ్లీ స్తంభం చాటుకు పోతుందనుకున్నాను. ఆమె మొహం చిట్లించింది.

"పసుపేదే?"

"ఇక్కడ పసుపు కలపరండీ."

"తెల్లబియ్యం ఎట్ల ఏస్తరు పెండ్లిపిల్ల మీద? అవి సచ్చినోళ్ల నోట్లె పోసేటియి గదనే! ఆళ్లకంటే తెల్వదు, తెలిసి మనం ఊకుందమా? చెల్లె, నీ సంచిల పసుపున్నదా?"

ఉంది. కోరుట్ల నుంచి తెచ్చిన ఇంటి పసుపు. ప్రయాణంలో దెబ్బకూ దగ్గుకూ పనికొస్తుందని పొట్లం కట్టి పెట్టుకున్నది. పెళ్లిజంట గోడ దగ్గర ఫోటోలకు నిలబడింది. అక్క అక్కడే మెట్టు మీద చతికిలబడి, నా సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి పసుపు కలపడం మొదలుపెట్టింది. బావ ఉన్న రోజుల్లో మా ఇళ్లలో ఏ పెళ్లి బియ్యమైనా కలిపింది ఆ వేళ్లే. ముసలామె వంగి కాసేపు చూసింది. చూసి, సంచిలో మిగిలిన బియ్యమంతా అక్క కొంగులో కుమ్మరించింది!

ఇద్దరూ పక్కపక్కన నిలబడి చల్లారు. పెళ్లికూతురి తెల్లటి బట్టల మీద పచ్చటి మరకలు పడ్డాయి. అయ్యో, కొంప మునిగిందిరా దేవుడా అనుకున్నాను. ఆ పిల్ల భుజం చూసుకుని పకపకా నవ్వి, అక్క ముందు తల వంచింది.

"సల్లగుండు బిడ్డా" అని అక్క ఆ తల మీద చెయ్యి పెట్టింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నేను అక్కడ ఈల వేశాను.

పెళ్లివాళ్లు వెళ్లిపోయాక గోడ దగ్గర కూర్చున్నాం. అక్క పచ్చబడ్డ అరచేతులు చూసుకుంటూ మెల్లగా అడిగింది. "గా పిల్లకు ఏమన్న అయితదంటవా?"

"ఏమైతది? ఉతికినా పోని మరక అయితది."

అక్క నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అప్పుడు చూసింది సముద్రం వైపు. ఒడిబియ్యం మాట నేను ఎత్తలేదు. తర్వాత కూడా ఎత్తలేదు. ఆమెను ఇంకోసారి బతిమాలడం నాకే చిన్నతనం అనిపించింది.

పెళ్లినాడు సిరిసిల్లలో ఫంక్షన్ హాలు నిండిపోయింది. అక్క ఎప్పటిలాగే వెనక గదిలో ఉంది. వేదిక మీద మా మేనత్త పెద్ద తాంబాళంలో బియ్యం కలిపి, ముత్తైదువలను పేరుపేరునా పిలుస్తోంది.

వెనక నుంచి గొంతు వినిపించింది. "ఎవలు కలిపిర్రు గీ బియ్యం? పసుపు గింతేనా?"

అక్క. కొప్పులో తన డాబా మీది జాజిమాల. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి తాంబాళం ముందు కూర్చుని, పసుపు వేసి మళ్లీ కలిపింది. కలపడం అయ్యాక మేనత్తే అంది. "కలిపినవు గదా, ఇగ లోపలికి నడువు. ముత్తైదలు పోస్తరు."

అక్క లేవలేదు. "అత్తమ్మా, పేరు తెల్వని పిల్లకు సముద్రం ఒడ్డుమీద ఏసి అచ్చిన. నా బిడ్డకు నేను పొయ్యనా?"

మేనత్త నా వైపు చూసింది. నేను మా అమ్మాయి వైపు చూశాను. పిల్ల అప్పటికే పెద్దమ్మ ముందు కొంగు చాపి కూర్చుని ఉంది, ఏడుస్తూ.

"ఏడుపెందుకే? ఒడి సక్కగ పట్టు, కిందపడనియ్యకు" అని గదమాయించి, అక్క మొదటి దోసిలి పోసింది.