తమ్ముడు మళ్లీ కొలిచిన రాగి

మా తమ్ముడు పోయిన శుక్రవారం పొద్దున్న ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఫోన్ వచ్చేసరికి నేను దీపం పెడుతున్నాను. వెలిగించి, దండం పెట్టుకునే బయలుదేరాను.

విశాఖలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. కరిగిన లోహాల తలతన్యత, అంటే పైపొర బిగువు, కొలవడం వాడి పని. కొలిమిలో రాగిముక్క కరిగించి, ఆ చుక్కని ఫోటో తీసి, ఒంపుని బట్టి లెక్క కట్టేవాడు. పైపొర గట్టిగా బిగుసుకుంటే చుక్క గుండ్రంగా నిలబడుతుంది, సడలితే చదునవుతుంది, లెక్కలో విలువ తగ్గుతుంది. సడలడానికి కాస్త మురికి చాలట. అందుకే ఆదివారాలు వరండాలో కూర్చుని ముక్కలకి మెరుగుపెట్టి, వేళ్లు తగలకుండా పట్టకారుతో డబ్బాలో సర్దేవాడు.

వాడు పీహెచ్‌డీ చేసేటప్పుడు ఒక దసరాకి ఆ డబ్బా ఇంట్లో ఉంది. ఆయుధపూజ కదా అని, వాడు లేనప్పుడు ఒక్కో ముక్కకీ పసుపూ కుంకుమా పెట్టాను. పూజయ్యాక కొంగుతో తుడిచి సర్దేశాను.

అంతవరకు వాడి కొలత కంప్యూటర్ నమూనా చెప్పే విలువకన్నా పైనే ఉండేది. ఆ తర్వాత దిగివచ్చి, సరిగ్గా కలిసింది. గైడు సంతోషించి థీసిస్ ఇచ్చేయమన్నారు. నెలలోగా ఇస్తే లెక్చరర్ ఉద్యోగం ఖాయం. వాడు మాత్రం అన్నం కలుపుతూ ఆగిపోయేవాడు. లెక్క కలిస్తే చాలదు, ఎందుకు కలిసిందో తెలియాలి అనేవాడు.

ఒక సాయంత్రం అడిగాడు.

"పెద్దక్కా, ఆ ముక్కలు నువ్వేటైనా ముట్టుకున్నావా?"

లేదు అనేస్తే అక్కడితో అయిపోయేది. ఉద్యోగం గుర్తొచ్చింది. దేవుడి గదివైపు చూశాను.

"నానే రా. పసుపెట్టి తుడిసేసాను."

వాడు నవ్వాడు. "దేవుడికి పెట్టుకో అక్కా. నా రాగికి మాత్రం ఒద్దు."

ఆ పూటే నోటుపుస్తకంలో దసరా తర్వాతి కొలతలున్న పేజీలకి అడ్డంగా ఒక్కో గీత గీశాడు, కింద అంకెలు కనబడేలాగే. ఉద్యోగం వేరొకరికి వెళ్లింది. గైడు చాలా రోజులు సరిగ్గా పలకరించలేదు. వీడు మొదటి ముక్క నుంచీ మళ్లీ కొలిచాడు. విలువ మళ్లీ నమూనాకన్నా పైకే వచ్చింది. నమూనాలో ఏ ఊహ తప్పో అదీ వెతికాడు. ఏడాదిన్నర పట్టింది. ఎంతవరకొచ్చిందిరా అంటే ఒకటే మాట, "అవుతాది."

నన్ను ఒక్కనాడూ దెప్పలేదు. చేసిన తప్పు గురించి నిజం చెప్పినా మనిషి దగ్గర చోటుంటుందని నాకు తెలిసింది వాడి దగ్గరే.

చివరి కొలతనాడు నన్ను ల్యాబుకి తీసుకెళ్లి, నల్లద్దాలు పెట్టి, కొలిమి కిటికీ దగ్గర నిలబెట్టాడు. లోపల శనగగింజంత చుక్క, నారింజ రంగులో. బయట పోర్టు లారీ ఏదో దడదడమంటూ పోయింది. చుక్క వణికింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అది మెల్లగా సర్దుకుని, మళ్లీ గుండ్రంగా కూర్చుంది.