కత్తెరతోక పిట్టలు ఇంకా రాలేదని

హిందుస్తాన్‌కి ఉత్తరాన, కొండల అవతలి చుస్త్ ఊళ్ళో హూరినిసోకి తెల్లారడమంటే మట్టిగోడలోని చిన్న తలుపు తెరుచుకోవడమే. గోడకి అవతల మువత్తర్ ఇల్లు. ఇద్దరూ ఒకే ఏడాది ఆ వీధికి కోడళ్ళుగా వచ్చారు. ఆ తలుపు పెట్టించింది వాళ్ళ అత్తలు, గడప అరగదీసింది వీళ్ళు.

ఇంటిపనులయ్యాక ఇద్దరూ హూరినిసో ఇంటి వసారాలో చెక్కమంచం మీద ఎదురెదురుగా కూర్చుని నల్లటోపీల మీద తెల్లదారంతో మిరపకాయల బొమ్మలు కుట్టేవారు. చేతులు టోపీ మీద, కళ్ళు పెరట్లో మల్బరీ చెట్టు మీద. చెట్టు నిండా పిచ్చుకలు, గువ్వలు, గోరింకలు.

“ఆ గోరింక నడక చూడవే, అచ్చం మన పేట పెద్ద తుర్సున్‌బోయ్ లేడూ! పెళ్ళి భోజనాలకి ముందు నడుస్తాడు, చావుకైతే వెనక నడుస్తాడు.”

“నెమ్మదే, గోడకి చెవులుంటాయి.”

“ఉంటే ఉండనీ. నా చెవుల్లా అవీ మొద్దుబారిపోయుంటాయిలే” అంది మువత్తర్.

అన్ని పిట్టలూ ఒక ఎత్తు, కత్తెరతోక పిట్టలు ఒక ఎత్తు. నీలిరంగు వీపు, ఇటుకరంగు గొంతు, కత్తెరలా చీలిన తోక. ఏటా వసంతంలో వచ్చి మువత్తర్ పడుకునే గదిలోనే దూలానికి మట్టితో గూడు కట్టేవి. వాటి రాకపోకల కోసం కిటికీ పై అద్దం ఒకటి ఊడదీసి పెట్టేవారు. ఆ వీధిలో అందరూ అంతే. కత్తెరతోక కాపురమున్న ఇంట్లో రొట్టెకి లోటుండదని నమ్మకం.

“మీ పిట్టలకి సిగ్గు లేదే! మట్టి నా కాలవది, కాపురం నీ దూలానికా?” అని దెప్పేది హూరినిసో.

“ఇల్లాలి మొహం చూసి వస్తాయే, మట్టి చూసి కాదు.”

ఇద్దరికీ ఒక పందెం. మొదటి కత్తెరతోకని ఎవరు చూస్తే వాళ్ళు గోడ తలుపు తోసి కేకెయ్యాలి. రెండోవాళ్ళు లేత పుదీనా కూరి మట్టిపొయ్యిలో సమోసాలు కాల్చిపెట్టాలి.

ఆ చలికాలం మువత్తర్ కాళ్ళకి నీరు పట్టింది. రెండడుగులు వేస్తే ఆయాసం. గుండె అలిసిపోయిందనీ, ఇక చేసేదేమీ లేదనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో వెచ్చగా ఉండే గది అదొక్కటే కావడంతో, ఆమె మంచం పక్కనే కోడలు షహ్లో కూడా చంటిపాపతో పడుకునేది.

“పాపకి దగ్గింకా తగ్గలేదు ఖాలా. రాత్రంతా దాని డొక్క ఎగరడమే చూస్తూ కూర్చున్నా. కళ్ళు మూస్తే ఊపిరి ఆగిపోతుందేమోనని భయం. ఈసారి అద్దం కొన్నాళ్ళు ఉండనిద్దామా?” అంది షహ్లో, పిన్నిలా చూసుకునే హూరినిసోతో.

మువత్తర్ ఒప్పుకుంది. “అవి వచ్చాక తీద్దురుగానిలే” అని హూరినిసో వైపు తిరిగి నవ్వింది. “దేవుడితో బేరం పెట్టుకున్నానే. కత్తెరతోకలు వచ్చేదాకా ఆగమన్నాను. అవి దూలం మీద వాలితే చాలు, ఇక పిలుచుకోమన్నాను.”

“నీ బేరం తగలెయ్య” అంది హూరినిసో. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట ముల్లులా లోపల విరిగింది.

అవి వచ్చాయి. ఒక పొద్దున హూరినిసో పుదీనా కోసం కాలవగట్టుకి వెళితే, తడిమట్టి మీద జంటగా కనిపించాయి. పరుగున వచ్చి గోడ తలుపు మీద చెయ్యి వేసింది. కేక గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

తలుపు నెమ్మదిగా తీసుకుని లోపలికి వెళ్ళింది.

“ఏమే, వచ్చాయా?”

“ఇంకా లేదు. కొండల్లో మంచు కరగలేదట.”

అవి రానంతకాలం మువత్తర్ పోదు. ఆ లెక్క తప్పు అని హూరినిసోకి తెలుసు, అయినా దాన్నే పట్టుకు వేళ్ళాడింది. ఎండ కాసిన రోజున షహ్లోయే “ఇవాళ అద్దం తీసేద్దామా ఖాలా?” అని అడిగితే, “వద్దు, పాపకి గాలి కొడుతుంది” అంది. షహ్లో వంటింట్లో ఉండగా పిట్టలు అద్దం ముందు రెక్కలు కొట్టుకుంటుంటే, ఎండ కళ్ళలో పడుతోందని తెర లాగేసింది. వాటి అరుపు మువత్తర్ చెవులకి అందదు.

“హిందుస్తాన్ నుంచి రావాలి కదే, అంత దూరం” అంది మువత్తర్ ఒక సాయంత్రం. “దారిలో ఏమయ్యాయో. గుప్పెడు ప్రాణాలు.” ఆమె కంటి కొసనుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. తన చావుకి ఏడవని మనిషి పిట్టల కోసం ఏడ్చింది.

హూరినిసో ఆ నీళ్ళు కొంగుతో తుడిచింది. రేపు చెప్పేస్తాననుకుంది. రేపు అద్దం తీయించేస్తాననుకుంది.

తెల్లవారుజామున మువత్తర్ పోయింది.

ఆడవాళ్ళంతా గొంతెత్తి ఏడుస్తుంటే హూరినిసోకి ఏడుపు రాలేదు. చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించకూడదు కనక తనే వండి మోసింది. మూడోనాడు షహ్లో పాపని భుజాన వేసుకుని పక్కన కూర్చుంది.

“పోయే ముందు కూడా పిట్టల మాటే ఖాలా. ‘చచ్చిపోయాయేమోనే’ అంది. బయటికెళ్ళి చూసొస్తానన్నా. ‘వద్దు, నువ్వు పాప దగ్గరుండు. వచ్చుంటే హూరి ఆ తలుపు బద్దలుకొట్టుకుని కేకేసేది. దానికి ఏదీ దాచడం చేతకాదు’ అంది.”

హూరినిసో లేచి ఆ గదిలోకి వెళ్ళింది. కిటికీ ఎక్కి మేకులు పీకి అద్దం ఊడదీసింది. గోరు చీలి రక్తం వచ్చింది. అద్దం చేత్తో పట్టుకుని, ఖాళీ మంచం పక్కన పొద్దుగూకేదాకా నిలబడింది. ఒక్క పిట్టా రాలేదు.

అవి ఎదురుచూసి వేరే చోటు వెతుక్కున్నాయి. హూరినిసో వసారాలోనే, చెక్కమంచానికి పైన దూలానికి, సగం గూడు అప్పటికే కట్టేశాయి. ఇన్నేళ్ళూ నవ్వులాటకి అడిగింది ఇప్పుడు దొరికింది. కత్తెరతోక గూడు చెదరగొట్టడం ఆ వీధిలో ఎవరూ చెయ్యని పాపం.

ఇప్పుడు ఆమె ఒక్కతే కూర్చుని టోపీలు కుడుతోంది. ఎదురుగా మువత్తర్ కూర్చునే చోట పైనుంచి మట్టి రాలుతుంటుంది. కుట్టడం ఆపి, అరచేత్తో తుడుస్తుంది. మళ్ళీ రాలుతుంది. మళ్ళీ తుడుస్తుంది. తల మాత్రం ఎత్తదు.